‘పవర్’: ఒక్క మాట, పెక్కు అర్థములు

తెలుగువారి నోట చనువుగా తిరుగుచున్న ఇంగ్లీషు మాటలలో ‘పవర్’ ఒకటి. కళ్లజోళ్ల అంగడిలో అద్దముల పవరు ఎంతయని అడుగుదురు. పొలమునకు మోటారు కొనువారు అది ఎన్ని హార్స్ పవరుదో విచారింతురు. ఊరిలో దీపములు ఆరిపోయినచో పవర్ కట్ అందురు. ఎన్నికలలో నెగ్గిన పక్షము పవరులోనికి వచ్చినదందురు. లెక్కల తరగతిలో రెండు పవరు మూడు ఎనిమిదియని పిల్లలు వల్లింతురు. ఈ అయిదు చోట్ల మాట ఒక్కటియే. చెప్పబడిన విషయములు మాత్రము అయిదు.

ఇంటిలోను, అంగడిలోను దీనివలన చిక్కులేదు. విన్నవారు సందర్భమునుబట్టి అర్థము గ్రహింతురు. ఆ మాట తెలుగు పాఠ్యపుస్తకములోనికి, వార్తాపత్రికలోనికి అనువాదమై దిగినపుడే చిక్కు మొదలగును. ఒకచోట అది ‘శక్తి’ యగును, మరియొకచోట ‘సామర్థ్యము’, వేరొకచోట ‘ఘాతము’, ఇంకొకచోట ‘అధికారము’. వీనిలో కొన్ని ఇంగ్లీషుకంటె మేలైన ఏర్పాటులు. కొన్ని మాత్రము విద్యార్థిని దారి తప్పించుచున్నవి. ఏది మేలైనది, ఏది దిద్దదగినది అని తూచి చూచుట ఈ వ్యాసోద్దేశము.

మాట పుట్టుక

‘పవర్’ ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషులోనికి సుమారు 700 సంవత్సరముల క్రిందట వచ్చినది. దాని మూలము లాటిన్ భాషలో ‘చేయగలుగుట’ యను అర్థముగల క్రియాధాతువు. పాసిబుల్, పొటెన్షియల్ అను మాటలును ఆ వంశములోనివే. ఏదైన చేయగలుగుట యను ఈ మూలార్థమునుండియే తక్కిన అర్థములన్నియు కొమ్మలుగా చీలినవి. ఇతరులచేత పని చేయించగలుగుట అధికారము. ఇతర దేశములను శాసించగల దేశము మహారాజ్యము. ఒకరి పక్షమున మరియొకరు వ్యవహరించుటకు వ్రాసియిచ్చు కాగితము పవర్ ఆఫ్ అటార్నీ. దీనినే పాతకాలపు కచేరీలలో ముక్త్యారునామా యనెడివారు.

మాట ఇట్లు పెరుగుట దోషము కాదు. మన ఆలంకారికులు మాటకు అర్థమును తెలుపు గుణము నొకదానిని గుర్తించి దానికి శబ్దశక్తి యని పేరిడిరి. దానిని అభిధ, లక్షణ, వ్యంజన అని విభజించిరి. ముఖ్యార్థము పొసగనిచోట దానికి సంబంధించిన మరియొక యర్థమును లక్షణ తెచ్చిపెట్టును. లోకవ్యవహారమున మాటలు ఈ దారినే విస్తరించును. కాని శాస్త్రమునకు ఈ స్వేచ్ఛ లేదు. శాస్త్రములో ఒక పేరు పెట్టిన వెంటనే దానిని కొలుచుట యెట్లు, ఏ ప్రమాణములో కొలుచుట అను ప్రశ్నలు లేచును. ఆ ప్రశ్నలకు రెండు వేర్వేరు సమాధానములు వచ్చినచో, పేరు ఒక్కటియైనను రాశులు రెండని తెలిసికొనవలెను.

గణితములో పవర్

గణితములోని పవర్ మిక్కిలి పాతది. గ్రీకు గణితజ్ఞులు వర్గమును ‘డైనమిస్’ అనిరి. ఆ మాటకు సామాన్యార్థము బలము, సమర్థత. లాటిన్ అనువాదకులు దానిని తమ మాటలోనికి మార్చిరి. ఇంగ్లీషువారు ఆ లాటిన్ మాటను పవర్ చేసిరి. అనగా ఇంగ్లీషువారును ఈ విషయమున అనువాదకులే. సంఖ్యకు పైన కుడిప్రక్క చిన్న అంకెను వ్రాయు పద్ధతిని ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1637లో ప్రచురించిన తన జ్యామితి గ్రంథముతో వ్యాప్తిలోనికి తెచ్చెను.

తెలుగు పుస్తకములు ఇచ్చట బలమును గాని శక్తిని గాని తీసికొనలేదు. సంస్కృత గణితమునుండి ‘ఘాతము’ అను మాటను గ్రహించినవి. ఇది చక్కని యెంపిక. సంస్కృత గణితమున ఘాతమనగా గుణకారలబ్ధము. అయిదవ ఘాతమును ‘వర్గఘనఘాతము’ అనెడివారు. అనగా వర్గమును ఘనముచే గుణింపగా వచ్చినది. తన్ను తానే పలుమార్లు గుణించుకొనగా వచ్చు సంఖ్యకు ఇంతకంటె తగిన పేరు లేదు. అంతేగాక పైన వ్రాయు చిన్న అంకెకు ‘ఘాతాంకము’ అను వేరు పేరు కలదు. రెండు పవరు మూడు అనునపుడు పవరు మూడా, ఎనిమిదియా అని ఇంగ్లీషు తరగతిలో పిల్లలు తడబడుదురు. నిజమునకు ఎనిమిది రెండు యొక్క మూడవ ఘాతము, మూడు ఘాతాంకము. తెలుగు ఈ భేదమును పేరులోనే చూపుచున్నది.

సమితుల సిద్ధాంతములోని ‘పవర్ సెట్’కును ఘాతసమితి యను పేరు చక్కగా అమరినది. మూడు మూలకములు గల సమితికి, శూన్యసమితితో కలిపి, ఎనిమిది ఉపసమితులుండును; ఎనిమిది రెండు యొక్క మూడవ ఘాతము గదా. కావున ఈ పేరు అర్థవంతమైనది.

ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము. వాడుకలో ఘాతమనగా దెబ్బ. కరెంటు తీగ ముట్టిన విద్యుద్ఘాతము కలుగును. లెక్కలలోని ఘాతమునకు ఆ దెబ్బతో పనిలేదని, అది గుణకారమని, ఉపాధ్యాయుడు మొదటి దినముననే చెప్పవలెను. చెప్పనిచో విద్యార్థి అర్థము తెలియని ధ్వనిగా దానిని కంఠస్థము చేయును.

యంత్రములలో పవర్

భౌతికశాస్త్రములో ఈ మాట చరిత్ర ఇంత సాఫీగా జరుగలేదు. తులాదండము, కప్పీ, వాలుతలము, మర మొదలగు సామాన్య యంత్రములను పాత ఇంగ్లీషు పుస్తకములు ‘మెకానికల్ పవర్స్’ అనెడివి. తులాదండపు ఒక కొనను నొక్కు బలమునకును పవర్ అనియే పేరు. అనగా ఆ దినములలో పవరనగా బలము.

18వ శతాబ్దము చివర జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రములను గుఱ్ఱములతో పని చేయించువారికి అమ్మవలసి వచ్చెను. ఎన్ని గుఱ్ఱముల పనిని ఒక యంత్రము చేయునో చెప్పినగాని కొనువారికి బోధపడదు. నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపు పనిని ఆయన ఒక హార్స్ పవరుగా నిర్ణయించెను. ఇది సుమారు 746 వాట్లకు సమానము. ఇచ్చట ‘నిమిషమునకు’ అను మాట మిక్కిలి ముఖ్యము. పని ఎంత యనునది మాత్రమే కాదు, ఎంత కాలములో అనునది కూడ ఇచ్చట లెక్కలోనికి వచ్చినది. వాట్ భాగస్వామియైన మాథ్యూ బోల్టన్, 1776లో కర్మాగారమును చూడవచ్చిన రచయిత బాస్వెల్‌తో, తాను అమ్ము సరకు పవరేయని చమత్కరించెను. రాజ్యాధికారము, యంత్రసామర్థ్యము అను రెండర్థములును ఆ మాటలో ఇమిడియుండుటయే ఆ చమత్కారమునకు ప్రాణము.

శాస్త్రజ్ఞులకును పేర్లు కుదురుటకు చాలకాలము పట్టినది. థామస్ యంగ్ 1807లో ప్రచురించిన ఉపన్యాసములలో ఎనర్జీ యను మాటను శాస్త్రార్థమున వాడెను. అయినను 1847లో జర్మనుడైన హెల్మ్‌హోల్ట్‌జ్ శక్తినిత్యత్వమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమునకు బలమను అర్థముగల ‘క్రాఫ్ట్’ అను మాటనే పేరులో నిలిపెను. ఆ యేడే ఇంగ్లాండులో జౌల్ దానిని ‘సజీవబలము’ అనెను. బలము, శక్తి, సామర్థ్యము అనునవి మూడు వేర్వేరు రాశులని స్థిరపడుటకు 19వ శతాబ్దము చాలభాగము గడచినది. 1882లో విలియం సీమెన్స్ పవరునకు ప్రమాణముగా ‘వాట్’ అను పేరును ప్రతిపాదించెను. 1960లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిలో అది చేరినది. ఒక సెకనుకు ఒక జౌలు పని జరిగినచో అది ఒక వాట్.

మహామహులే ఇంతకాలము తడబడిన విషయమున పదిహేనేండ్ల విద్యార్థి తడబడుట వింత కాదు. కాని వారు తేల్చిన చిక్కును పాఠ్యపుస్తకము మరల ముడివేయరాదు.

తెలుగులో పడిన ముడి

తెలుగు పాఠ్యగ్రంథములలో ఫోర్సునకు బలము, ఎనర్జీకి శక్తి, పవరునకు సామర్థ్యము అను పేర్లు నిలిచినవి. మూడు రాశులకు మూడు పేర్లుండుట మంచిదే. కాని ఈ మూడును వాడుకలో ఇంచుమించు ఒకే అర్థమిచ్చునవి. ‘వాని శక్తిసామర్థ్యములు గొప్పవి’ అని రెండింటిని జంటగా చెప్పుట పరిపాటి. ‘నడచుటకు శక్తి లేదు’, ‘నడచుటకు బలము లేదు’ అను వాక్యములకు భేదమును ఎవరును పాటింపరు. కావున తరగతిలో ఈ మాటలకు గట్టి గిరి గీయవలసియున్నది.

ఆ గిరి గీయవలసిన నిర్వచనమే దానిని చెరపుచున్నది. ‘పని చేయగల సామర్థ్యమును శక్తి యందురు’ అని ఒక పుటలో విద్యార్థి చదువును. కొన్ని పుటలు తిప్పిన పిమ్మట ‘పని జరుగు రేటును సామర్థ్యమందురు’ అని చదువును. మొదటి వాక్యములోని సామర్థ్యము స్థానమున రెండవ నిర్వచనమును ఉంచి చూచిన ఏమగును? శక్తి యనగా పని జరుగు రేటు అని తేలును! తెలివిగల విద్యార్థియే ఈ వలలో ముందుగా పడును. ఏలయన చదివిన రెండు వాక్యములను కలిపి ఆలోచించువాడు అతడే. ఇంగ్లీషు పుస్తకములో ఈ చిక్కులేదు. అందు మొదటిచోట ‘కెపాసిటీ’ యను మాటయు, రెండవచోట ‘పవర్’ అను మాటయు కలవు. రెండింటికిని తెలుగులో సామర్థ్యము అని వ్రాయుటవలననే ఈ ముడి పడినది. ఇది తెలుగు భాష లోపము కాదు, అనువాదములోని అజాగ్రత్త.

భేదమును ఒక యుదాహరణముతో చూపవచ్చును. వెయ్యి లీటర్ల నీటిని 15 మీటర్ల ఎత్తున నున్న తొట్టిలోనికి ఎక్కించవలెననుకొనుడు. ఆ నీటి ద్రవ్యరాశి 1,000 కిలోగ్రాములు. దానిని లేపుటకు కావలసిన పని 1,47,000 జౌళ్లు. ఒక హార్స్ పవర్ మోటారు, నష్టములను విడిచిపెట్టినచో, ఈ పనిని సుమారు 197 సెకనులలో చేయును. అయిదు హార్స్ పవర్ మోటారు సుమారు 39 సెకనులలో చేయును. రెండు సందర్భములలోను ఖర్చయిన శక్తి ఒక్కటియే. నీటికి చేరిన శక్తియు ఒక్కటియే. భేదమెల్ల వేగములోనే యున్నది. శక్తి ‘ఎంత’ యను ప్రశ్నకు సమాధానము. సామర్థ్యము ‘ఎంత వేగముగా’ అను ప్రశ్నకు సమాధానము. ఈ రెండు వాక్యములు విద్యార్థి మనస్సున నాటుకొనినచో నిర్వచనములు వాని వెంట తామే వచ్చును.

వార్తలలోను, బిల్లులలోను

ఈ ముడి తరగతి గదితో ఆగిపోవుట లేదు. శ్రీశైలము ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రములో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రములు ఆరు కలవు. మొత్తము 900 మెగావాట్లు. ఇది సామర్థ్యము. యంత్రములన్నియు నిండుగా ఒక గంట తిరిగినచో 9 లక్షల యూనిట్ల విద్యుచ్ఛక్తి పుట్టును. నీరు లేక నిలిచిపోయినచో ఒక్క యూనిటైనను పుట్టదు. రెండు స్థితులలోను కేంద్రపు సామర్థ్యము 900 మెగావాట్లే. అయినను ‘ఈ రోజు 900 మెగావాట్ల విద్యుచ్ఛక్తి ఉత్పత్తి అయినది’ అను తీరు వార్తలు కనబడుచుండును. ఎంతసేపు నడిచినదో చెప్పనిచో ఉత్పత్తి ఎంతయో తెలియదు. ఇది బండి వేగమును చెప్పి, అది పోయిన దూరమును చెప్పితిమనుకొనుట వంటిది. ‘గంటకు ఇన్ని కిలోవాట్లు’ అని వ్రాయుట మరియొక పొరపాటు. వాట్ అను మాటలోనే కాలముచే భాగించుట ఇమిడియున్నది. మరల గంటచే భాగింపరాదు. కరెంటు బిల్లులోని యూనిట్ కిలోవాట్ గంట. అనగా కిలోవాటును గంటచే గుణింపగా వచ్చునది. దాని విలువ 36 లక్షల జౌళ్లు. బిల్లు చెల్లించువారు కొనుచున్నది శక్తినేగాని సామర్థ్యమును కాదు.

ఇంగ్లీషు పేర్లును ఈ విషయమున నిర్దోషములు కావు. సెల్‌ఫోనుకు ఆహారమందించు ‘పవర్ బ్యాంకు’లో దాచబడునది పవర్ కాదు, శక్తియే. 3.7 వోల్టుల వద్ద 10,000 మిల్లీ ఆంపియర్ గంటలని వ్రాసియున్న పెట్టెలో 37 వాట్ గంటల శక్తి, అనగా 1,33,200 జౌళ్లు, పట్టును. అట్లే ‘ఎలక్ట్రోమోటివ్ ఫోర్స్’ అనబడునది ఫోర్సు కాదు. దానిని వోల్టులలో కొలుతురు, న్యూటనులలో కాదు. తెలుగు పుస్తకములు దానిని ‘విద్యుచ్ఛాలక బలము’ అని నమ్మకముగా అనువదించి, ఇంగ్లీషువారి తప్పును కూడ అప్పుగా తెచ్చుకొన్నవి.

ఇందుకు భిన్నముగా, ‘పవర్ స్టేషను’ను తెలుగులో విద్యుత్ కేంద్రము అనిరి. శక్తి, సామర్థ్యములలో దేనిని వాడవలెనను తగవునే తప్పించి, అక్కడ పుట్టు వస్తువును పేరులో చెప్పిరి. జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు, అణువిద్యుత్తు అను మాటలును అట్టివే. మాటను గాక విషయమును అనువదించుటకు ఇవి మంచి దృష్టాంతములు.

కళ్లజోడులోని పవర్

కంటి అద్దముల పవరు పూర్తిగా వేరు రాశి. మీటర్లలో చెప్పిన నాభ్యంతరమునకు విలోమమే కటక సామర్థ్యము. దాని ప్రమాణము డయాప్టర్. 50 సెంటీమీటర్ల నాభ్యంతరము గల కుంభాకార కటకమునకు 2 డయాప్టర్ల సామర్థ్యము. పుటాకార కటకమైనచో దానిని ఋణ సంఖ్యతో సూచింతురు. ఇందు పనిగాని, కాలముగాని లేవు. కిరణములను వంచుటయే ఇచ్చటి ‘చేయగలుగుట’. వాట్లకును, డయాప్టర్లకును పేరులో తప్ప పొత్తులేదు.

‘కంటికి పవరు వచ్చినది’ అను వాడుకలో మరియొక వింత కలదు. ఏ పవరును లేని కన్ను ఉండదు. ఆరోగ్యవంతమైన కంటికే సుమారు 60 డయాప్టర్ల సామర్థ్యముండును. హ్రస్వదృష్టి గలవారి కంటిలో ఆ కంటి పొడవునకు తగినదానికంటె ఎక్కువ సామర్థ్యముండుటచేతనే, దూరపు వస్తువుల ప్రతిబింబము రెటీనాకు ముందే ఏర్పడును. ఆ మిగులును తగ్గించుటకే ఋణ కటకమును ధరింతురు. కావున వచ్చిన పవరు కంటిది కాదు, అద్దముది. వాడుకను మాన్పనక్కరలేదు, కాని ఈ సంగతి తెలిసిన విద్యార్థి దృష్టిదోషముల పాఠమును మరువడు.

పొరుగు భాషల తీరు

హిందీ శాస్త్రపరిభాషలో ఎనర్జీకి ‘ఊర్జా’ యనియు, పవరునకు ‘శక్తి’ యనియు పేర్లు. తెలుగులోని శక్తి హిందీలోని శక్తి కాదు! రెండు భాషలను చదువు విద్యార్థి దీనిని ముందుగా ఎరిగియుండవలెను. కన్నడములో తెలుగువలెనే శక్తి, సామర్థ్యములను వాడుదురు. తమిళులు సంస్కృతమును విడిచి ఎనర్జీకి ‘ఆట్రల్’, పవరునకు ‘తిఱన్’, ఫోర్సునకు ‘విసై’ అని తమ మాటలనే స్థిరపరచుకొనిరి. ఒకే సంస్కృత పదము రెండు భాషలలో రెండు రాశులకు పేరగుట చూచినచో, అర్థము మాటలో ముందుగానే దాగియుండదని, నిర్వచనమే దానిని ఆ మాటకు కట్టిపెట్టునని తెలియును.

చేయదగినది

ఈ చిక్కునకు రెండు తేలిక మందులను కొందరు చెప్పుదురు. ఇంగ్లీషు మాటనే ‘పవర్’ అని అన్నిచోట్ల ఉంచుమనునది మొదటిది. అట్లు చేసినచో ఆ మాట అర్థములన్నియు గుంపుగా వచ్చి తరగతిలో కూర్చుండును. ఘాతము, ఘాతాంకము, అధికారము అని తెలుగులో ఇప్పటికే నున్న తేటదనము పోవును. పాత పేర్లన్నియు తీసివేసి క్రొత్తవి కల్పించుమనునది రెండవది. తరతరముల విద్యార్థులు నేర్చిన పేర్లను మార్చినచో పాత పుస్తకము క్రొత్తవానికి, క్రొత్త పుస్తకము పాతవానికి తెలియకుండ పోవును. రెండును మేలు చేయవు.

చేయవలసినది అంతకంటె చిన్న పని. మొదటిది, శక్తి నిర్వచనమునుండి సామర్థ్యమను మాటను తొలగింపవలెను. ‘పని చేయగల గుణమును శక్తి యందురు’ అని వ్రాసిన చాలును. అచ్చ తెలుగు క్రియ ‘చేయగలుగు’ అక్కడ సిద్ధముగానే యున్నది. రెండవది, సామర్థ్యమను మాటకు విశేషణమును చేర్చవలెను. శ్రీశైల జలాశయమునకు నీటి నిలువ సామర్థ్యము టి.ఎం.సి.లలోను, అదే చోట విద్యుత్ కేంద్రమునకు ఉత్పాదన సామర్థ్యము మెగావాట్లలోను చెప్పుదురు. విశేషణము లేనిచో ఏది ఏదియో తెలియదు. మూడవది, పేరు చెప్పిన ప్రతిచోట ప్రమాణమును చెప్పవలెను. జౌలు అన్నచో శక్తి. వాట్ అన్నచో సామర్థ్యము. న్యూటన్ అన్నచో బలము. డయాప్టర్ అన్నచో కటకము. పేర్లు మోసగింపవచ్చును గాని ప్రమాణములు మోసగింపవు. బంగారమునకు ఒరగల్లువలె శాస్త్రపదమునకు ప్రమాణము.

ఉపాధ్యాయులు ఒక గంట కాలమును దీనికై వినియోగించినచో ఫలితము కనబడును. పిల్లలచేత ఒక వారపు వార్తాపత్రికలను తెప్పించి, పవర్, శక్తి, సామర్థ్యము, మెగావాట్, యూనిట్ అను మాటలున్న వాక్యములను కత్తిరింపజేసి, ఏది సరియో, ఏది తప్పో, తప్పును ఎట్లు దిద్దవలెనో వారిచేతనే చెప్పింపవచ్చును. ఇంటి కరెంటు బిల్లు, మోటారుపై అతికించిన రేకు, కళ్లజోడు చీటీ, పవర్ బ్యాంకు వెనుక ముద్రించిన అంకెలు అన్నియు పాఠమునకు పనికివచ్చు సామగ్రియే. ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు.

తెలుగులో శాస్త్రమును చెప్పుట సాధ్యముకాదను మాట నేటికిని అక్కడక్కడ వినబడుచున్నది. ‘పవర్’ కథ అందుకు భిన్నమైన సాక్ష్యమిచ్చుచున్నది. ఒక్క మాటతో ఇంగ్లీషు నెట్టుకొని వచ్చుచోట్ల తెలుగునకు నాలుగు మాటలు గలవు. తెలుగున కొరత మాటలకు కాదు, వానిని ఏ గిరిలో నిలుపవలెనో ఆ గిరిని జాగ్రత్తగా గీయుటకు. అది పుస్తకము వ్రాయువారి పనియు, పాఠము చెప్పువారి పనియు.